వానకాలం రాండ్రి సారూ

ఈ వారం మా మేనల్లుడు వనపర్తి నుంచి ఫోన్లో ఒక ఫొటో పంపాడు. స్లాబంతా తెల్లరంగు, మూలకు ఒక నల్ల వాటర్ ట్యాంకు, కింద అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం. దాని వెంటే ఒక మెసేజ్: "మామా, కూల్ రూఫ్ ఏపిచ్చిన. కాంట్రాక్టర్ సర్టిఫికెట్ గూడ ఇచ్చిండు. ఇల్లు మస్తు సల్లబడ్డది." తేదీ చూశాను. డిసెంబరు చివరి వారం, పొద్దున ఏడున్నర. "అల్లుడా, ఆ పొద్దు వనపర్తిల రంగు ఏయని ఇల్లు ఏది ఉడుకుతున్నదో జెర చూసి చెప్పు" అని జవాబిచ్చాను. అలిగినట్టున్నాడు, మళ్లీ పలకలేదు.

నా కోపం వాడి మీద కాదు, ఆ ఫొటో మీద. ఇప్పుడు ఏ పథకం పనైనా చివరికి ఫొటోగా తేలుతోంది. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు నాలుగు విడతల్లో రావాలంటే పునాది, గోడలు, స్లాబు, ఆఖరి పనులు, ఒక్కో మెట్టు దగ్గర ఫొటో ఎక్కాలి. కట్టుబడికి అది కొంత నయమే, లేని గోడను ఫొటో తీయలేరు కదా. చల్లదనాన్ని ఎట్లా తీస్తారు?

మన రాష్ట్రం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల చల్లటి పైకప్పులు కావాలన్నది లక్ష్యం. అందులో 200 హైదరాబాద్‌కు, మిగతా రాష్ట్రమంతటికీ కలిపి 100. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఆ వందలో వాటాదార్లు. 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, అంతకు తక్కువైతే మన ఇష్టం. పేదలకు సర్కారు కట్టించే ఇళ్లకూ వర్తిస్తుంది. మంచి విధానమే. కాకపోతే లక్ష్యం చదరపు కిలోమీటర్లలో ఉంది, డిగ్రీల్లో లేదు. రంగు డబ్బాలు లెక్కపెడితే కిలోమీటర్లు తేలుతాయి. రేకుల కింద పడుకున్న ముసలమ్మకు మే నెల మధ్యాహ్నం ఎంత తేడా వచ్చిందో ఏ డబ్బా చెప్పదు.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత పాట తెలుసు. ఇంట్లో ఉండేవాళ్ల కన్నును మించిన తనిఖీ లేదని, టేపు పట్టుకుని జీపు దిగే సారును నమ్మకూడదని ఎన్నిసార్లు రాశానో. ఆ పాట నేర్పింది మా అవ్వ.

అవ్వది నడిగడ్డలో మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, కర్రలు, ఆకు, మట్టి, అన్నిటి మీదా చౌడు. చౌడులో గడ్డి మొలవదు, తడిస్తే బిగుసుకుని నీటిని కిందికి దిగనీయదు. ఏటా మిరుగం లోపల గంపలతో చౌడు మోసి పైన పరచాల్సిందే. ఏ మూల పలుచబడిందో అవ్వకు నడిస్తేనే తెలిసేది, అరికాలితో చెప్పేసేది. తొలి వానకే మిద్దె ఉరిసిందంటే చౌడు వేసిన మనిషి ఆ సాయంత్రానికే మళ్లీ నిచ్చెన ఎక్కాలి. సర్టిఫికెట్ లేదు, బిల్లు లేదు, ఊళ్లో మాట పోతుందన్న భయం ఒకటి ఉండేది.

ఆ ఇంటికి సర్కారు పొయ్యి వచ్చింది. పొగలేని పొయ్యి. కేంద్రం 1983లో మొదలుపెట్టిన మెరుగైన పొయ్యిల జాతీయ పథకం అది. ఆలోచన మాత్రం మనకు ఇంకా పాతది, ఇంకా దగ్గరిది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ ల్యాబొరేటరీస్‌లో ఎస్.పి. రాజు పొగగొట్టంతో మట్టి పొయ్యి తయారుచేసి, 1953లో దాని మీద పుస్తకమే వేశారు. కట్టెపుల్ల సగమైనా మిగలాలి, ఆడవాళ్ల కళ్లు బాగుపడాలి అన్న ఆశ అది. ఇంట్లో ఇంధనం ఆదా చేయడానికి సర్కారు సొమ్ముతో పేదల ఇళ్లలోపలికి వెళ్లి చేసిన మరమ్మతు మన ఊళ్లలో ఏదైనా ఉందంటే, సోలార్లకూ తెల్లరంగులకూ ముందు అదే.

తర్ఫీదు పొందిన మేస్త్రీ వచ్చాడు. పొయ్యికి ఇంత అని కూలీ. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి కట్టేశాడు. పొగగొట్టం బయటికి పోవాలి గనక మిద్దెకు కంత కొట్టాడు. గవాచి ఉంది కదా, అందులోంచి పెట్టొచ్చు కదా అని అవ్వ అడిగింది. కొలతల కాగితంలో అట్లా లేదన్నాడు. కొన్నాళ్లకు ఒక సారు వచ్చి పొయ్యి ముట్టించమన్నాడు. బయట నిలబడి గొట్టంలోంచి పొగ రావడం చూశాడు, రిజిస్టరులో "పని చేయుచున్నది" అని రాసుకున్నాడు. అవ్వ చాయ్ ఇచ్చి చెప్పింది: "ఇప్పుడు గాదు, వానకాలం రాండ్రి సారూ. పొగ బైటికి పోతుంది, వాన లోపలికొస్తది. మంచిగుంది మీ లెక్క."

సారు వానకాలం రాలేదు. గొట్టం చుట్టూ చౌడు నిలవలేదు, పొయ్యి తడిసింది. అవ్వ గొట్టం పీకేసి కంత మూసేసింది. జొన్నరొట్టె పెనానికి పొయ్యి మూతి చిన్నదని దాన్నీ చెక్కి పెద్దది చేసింది. రిజిస్టరులో మాత్రం ఆ పొయ్యి చాలా కాలం పని చేస్తూనే ఉండి ఉంటుంది. దేశమంతా సుమారు 3.5 కోట్ల పొయ్యిలు అట్లా పంచి, 2002లో కేంద్రం ఆ పథకాన్ని ముగించింది.

ఇక్కడ ఆపేస్తే నా పాత పాటకు తాళం సరిగ్గా పడుతుంది. ఆపలేకపోతున్నాను, కథలో ఇంకొక ముక్క ఉంది. ఆ చెక్కిన పొయ్యి అవ్వకు చాలా నచ్చింది. రొట్టె బాగా కాలుతుందని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది. అది పాత పొయ్యంత కట్టే తింటోందని, అంతే పొగ కక్కుతోందని ఆమెకు పట్టింపే లేదు. ఉరిసే మిద్దెను అరికాలితో పట్టిన మనిషి, తన దగ్గుకూ ఆ పొయ్యికీ ముడి పెట్టనే లేదు. మేమూ పెట్టలేదు.

కంటికి కనిపించే తప్పు వేరు, కనిపించనిది వేరు. ఇప్పుడు మన ఇళ్లకు ఎక్కుతున్నవన్నీ రెండో రకం. నాగర్‌కర్నూలు జిల్లా కొండారెడ్డిపల్లినే తీసుకోండి. ముఖ్యమంత్రి సొంతూరు. 2025లో అక్కడ 480 ఇళ్ల మీద 3 కిలోవాట్ల చొప్పున సోలార్ పలకలు పెట్టారు. అలాంటి పలక కింద బోల్టు గాలికి నిలుస్తుందా, స్లాబుకు కొట్టిన రంధ్రం సీలు పడిందా, ఎర్తింగ్ నిజంగా భూమిని చేరిందా అన్నది ఇంటావిడ చీర కొంగుతో పలక తుడిస్తే తెలిసేది కాదు. తెల్లరంగూ అంతే. దుమ్ము పట్టి, పాచి పట్టి, ఎండను తిప్పికొట్టే గుణం మెల్లగా తగ్గుతుంది. అందుకే అమెరికాలో ఇలాంటి రంగులకు కొత్తలో ఒక కొలత, మూడేళ్లు ఎండావానల్లో ఉంచాక ఇంకో కొలత ఇస్తారు.

పూర్వం ఒక కాగితం కొంత నిజం చెప్పేది, కరెంటు బిల్లు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. పేదింటికి అది మేలే, కాదనను. కానీ కూల్ రూఫ్ పని చేసి 180 యూనిట్లు 140 అయినా సున్నాయే, చేయకపోయినా సున్నాయే. జేబుకు తగిలే ఆ సాక్ష్యం కూడా పోయింది.

సరే, ఇన్‌స్పెక్టర్లను పెడితే సరిపోతుందా? బ్రిటన్‌లో పెట్టారు. సర్కారు పథకాల కింద చలి ఆగేందుకు గోడలకు బయటి నుంచి పొరలు కట్టిన ఇళ్లలో 98 శాతానికి పెద్ద లోపాలే ఉన్నాయని అక్కడి ఆడిట్ సంస్థ 2025 అక్టోబరులో తేల్చింది. సుమారు 22,000 నుంచి 23,000 ఇళ్లు. తేమ, బూజు. అక్కడ ప్రమాణాలున్నాయి, పత్రాలున్నాయి, పత్రాలిచ్చే సంస్థలున్నాయి. పని మాత్రం చేతులు మారి మారి, నైపుణ్యం చాలని సబ్ కాంట్రాక్టు కూలీల దాకా దిగింది. పాలమూరు వాళ్లకు ఇది ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. పెద్ద కంపెనీ బోర్డు, దాని కింద కాంట్రాక్టరు, అతని కింద గుంపు మేస్త్రీ, చివర మనవాడు. ఆస్ట్రేలియాలో 2009లో ఇళ్ల కప్పుల్లో పొరలు పరిచే పథకాన్ని హడావుడిగా నడిపితే నలుగురు పడుచు పనివాళ్లు చనిపోయారు. రేకులాంటి పొరను ఇనుప పిన్నులతో కొడుతుంటే కరెంటు తీగకు తగిలి షాకు కొట్టినవాళ్లూ అందులో ఉన్నారు. నాణ్యత అంటే ఆ నిచ్చెన మీది ప్రాణం కూడా.

కాబట్టి టేపు పట్టిన సారు మీద ఇన్నాళ్లూ జోకులు వేసిన ఈ కాలమ్ ఇప్పుడు ఒక సారును అడుగుతోంది. ఎట్లాంటి సారు అన్నదే ప్రశ్న. హైదరాబాద్ బస్తీల్లో 2017లో 25 ఇళ్ల పైకప్పుల మీద చల్లదనపు పొర పరిచి చూసినప్పుడు, పొర లేని అలాంటి ఇళ్లతోనే పోల్చి కొలిచారు. సగటున 2 డిగ్రీలు తక్కువ తేలింది. పద్ధతి అది. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ ఉంది. మూడు జిల్లాల్లో పథకం కింద రంగు పడిన ఇళ్ల నుంచి చీటీ తీసి కొన్నిటిని ఎంచండి. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఆ పాలిటెక్నిక్ పిల్లల చేతికి థర్మామీటర్లిచ్చి ఆ ఇంట్లో, రంగు లేని పక్కింట్లో కొలిపించండి. సోలార్ ఇళ్లలో లెక్చరర్లను తోడిచ్చి ఎర్తింగ్ చూపించండి. ఆఖరి విడత సొమ్ము ఒక ఎండాకాలం, ఒక వానకాలం గడిచేదాకా ఆపండి.

ఇంటివాళ్ల కన్నే అసలు తనిఖీ అని నేను రాసిన పాత ముక్కలు కత్తిరించి దాచుకున్న పాఠకులు ఉత్తరాలు రాస్తారని తెలుసు. రాయండి. ఆ మాట ఉరిసే మిద్దెకు నేటికీ వర్తిస్తుంది, ఎర్తింగ్‌కు వర్తించదు. ఇంకొక్క షరతు: ఆ పిల్లల బస్సు చార్జీలు, చాయ్ ఖర్చులు సర్కారే పెట్టుకోవాలి. కాంట్రాక్టరు జేబులోంచి ఒక్క రూపాయి కదిలినా, మళ్లీ డిసెంబరు ఫొటోలే వస్తాయి.