మోగుతున్నంత మాత్రాన బాగున్నట్టు కాదు
అమెరికాలోని న్యూజెర్సీలో పార్సిప్పనీ పక్కనున్న బూంటన్ ఒకప్పుడు రేడియో కొలత పరికరాలకు పెట్టింది పేరు. 1934లో మొదలైన బూంటన్ రేడియో కార్పొరేషన్ అక్కడే కాయిళ్లు, కండెన్సర్ల నాణ్యత కొలిచే క్యూ మీటరు తయారుచేసింది. కెపాసిటెన్స్ మీటర్లు చేసిన బూంటన్ ఎలక్ట్రానిక్స్ 1947లో పుట్టి, తర్వాతి కాలంలో పార్సిప్పనీ నుంచే పనిచేసింది. కండెన్సర్ (అంటే కెపాసిటర్) మంచిచెడ్డలు కొలిచి తేల్చాలని అక్కడ ఇంత పని జరిగినా, పాత వాల్వు రేడియోలను ప్రేమించేవాళ్లు ఇప్పటికీ అనే మాట ఒకటుంది: మోగుతోంది కదా, ఒరిజినల్ భాగాలను ఎందుకు కదపాలి?

ఆ మాట ఎంత ప్రమాదకరమో కప్లింగ్ కండెన్సర్ దగ్గర తెలుస్తుంది. ముందు వాల్వు ప్లేటు మీదుండే డీసీని ఆపి, పాటను మాత్రమే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కు పంపడం దాని పని. మైనం పట్టించిన కాగితంతో చేసిన పాతరకం దశాబ్దాలుగా తేమ పీల్చుకుని, డీసీని కొద్దికొద్దిగా జారవిడుస్తుంది. గ్రిడ్ బయాస్ తప్పుతుంది, వాల్వు మోతాదు మించి కరెంటు లాగుతుంది, చివరికి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అంతవరకూ పాట వినబడుతూనే ఉంటుంది. చేతిలో పట్టే మామూలు మీటరుకు ఈ లీకు సాధారణంగా చిక్కదు, పనిచేసే వోల్టేజి పెట్టి చూడాలి. సులువుగా దొరికే చిన్న భాగాన్ని కాపాడబోయి, మళ్లీ దొరకని ట్రాన్స్‌ఫార్మర్‌ను కాల్చుకుంటే ఒరిజినల్‌గా మిగిలేదేమిటి? ఫిల్టర్ కండెన్సర్ల విషయంలో మరో వాదన ఉంది. వాడక పలచబడిన ఆక్సైడ్ పొర, రెసిస్టర్ ద్వారా మెల్లగా వోల్టేజి పెంచితే తిరిగి కట్టుకుంటుందంటారు. నిజమే. కానీ లోపల ఆరిపోయిన ద్రవం తిరిగి రాదు.

అలాగని కనబడినవన్నీ పీకేయమని కాదు. మైకా, సిరామిక్ రకాలు చాలావరకు నిక్షేపంగా ఉంటాయి, కొలవకుండా వాటిని ముట్టుకోకూడదు. పాత రూపం పోతుందన్న బాధ మాత్రం న్యాయమైనది. మైనం పూసిన అట్టగొట్టాన్ని వేడిచేసి, లోపలి చుట్టను తీసి, చిన్న ఫిల్మ్ కెపాసిటర్‌ను అమర్చి మళ్లీ మైనంతో మూస్తే ఆ బాధా తీరుతుంది. నూనె నింపిన పాత లోహపు డబ్బాలను మాత్రం తెరవకూడదు, వాటిలో పీసీబీలు (పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ అనే విషరసాయనాలు) ఉండొచ్చు. ఇదే న్యూజెర్సీలో, సౌత్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో కార్నెల్ డ్యూబిలియర్ 1936 నుంచి 1962 దాకా కెపాసిటర్లు చేసిన స్థలం పీసీబీల కాలుష్యంతో 1998లో కలుషిత స్థలాల శుద్ధికి అమెరికా ప్రభుత్వం పెట్టిన సూపర్‌ఫండ్ జాబితాకెక్కింది. అలాంటి డబ్బాలను చెత్తబుట్టలో వేయకుండా, ప్రమాదకర వ్యర్థాల కేంద్రం వాళ్లను ముందుగా అడిగి అప్పగించాలి.