కంచరపాలెం వాడుక – ఆంగ్ల సర్వనామాల బోధన: ఒక విమర్శ

పాఠశాల స్థాయి ఆంగ్ల వ్యాకరణంలో సర్వనామ పాఠం సాధారణంగా భేదాల పట్టికతో మొదలవుతుంది. పురుషవాచకం, స్వామ్యవాచకం, ఆత్మార్థకం, నిర్దేశకం, ప్రశ్నార్థకం, సంబంధవాచకం అంటూ పేర్లు వల్లె వేయించి, ఖాళీలు పూరింపజేయడంతో బోధన ముగుస్తుంది. విద్యార్థికి సర్వనామమే కొత్త విషయమన్నది ఈ పద్ధతికి ఆధారమైన భావన. ఇది సరికాదు. తెలుగు విద్యార్థి ఒక సమగ్ర సర్వనామ వ్యవస్థను ఇంటి నుంచే వెంట తెచ్చుకుంటాడు.

వెంకటేష్ మహా దర్శకత్వంలో 2018లో విడుదలైన 'కేరాఫ్ కంచరపాలెం' చిత్రం ఈ చర్చకు ఉపకరిస్తుంది. విశాఖపట్నంలోని ఆ పేట వాసులే పలు పాత్రలు ధరించిన ఈ చిత్రంలో ఉత్తరాంధ్ర మాట వినిపిస్తుంది. అటెండరు రాజుకూ పైఅధికారి రాధకూ మధ్య పెరిగిన అనుబంధం ఇందులోని ఒక కథ. హోదా, చనువు కలగలిసిన ఇటువంటి సంబంధంలో 'నువ్వు', 'మీరు' అనే ఎంపికే ఎంతో చెబుతుంది. ఆంగ్లంలో రెండూ 'యూ'గా మిగులుతాయి. పెద్దలను, తోటివారిని పిలిచే ప్రతిసారీ ఇక్కడి పిల్లలు చేసే ఈ ఎంపికను ఆంగ్ల పాఠం గుర్తించదు.

నిజమైన చిక్కులు రెండు వ్యవస్థలు విడిపోయే చోట ఉన్నాయి. వినేవారిని కలుపుకొనే 'మనం', కలుపుకోని 'మేము' ఆంగ్లంలో 'వుయ్' ఒక్కటే. 'వాళ్ళు', 'అవి' రెండింటికీ 'దే' సరిపోతుంది. 'అక్క వచ్చింది', 'బస్సు వచ్చింది' అనే వాక్యాల్లో క్రియారూపం ఒకటే; ఆంగ్లంలో మాత్రం 'షీ', 'ఇట్' వేరుచేయాలి. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతోనూ బహువచనంలో మహత్తులతోనూ చేరడం చిన్నయసూరి 'బాలవ్యాకరణం' గుర్తించిన విషయమే. 'మాస్టారు వచ్చారు' అన్న గౌరవ బహువచనానికి విద్యార్థి 'దే' అని రాస్తే, ఆ పొరపాటు వెనుక తెలుగు వ్యాకరణ తర్కం ఉంది. 'నిన్న వచ్చిన అబ్బాయి' అనడానికి తెలుగుకు సంబంధవాచక సర్వనామం అక్కరలేదు. క్రియాజన్య విశేషణం చాలు. అందువల్ల 'హూ' ప్రశ్నకు కాక వాక్యాలను కలపడానికి వచ్చినప్పుడు దానికి ప్రత్యేక బోధన కావాలి. ఎర్రసిరాతో కొట్టివేయడం వల్ల ఈ కారణాలేవీ విద్యార్థికి తెలియవు.

తులనాత్మక బోధన పాత అనువాద పద్ధతిని తిరిగి తెస్తుందన్న ఆక్షేపణ రావచ్చు. ప్రతి వాక్యాన్నీ అనువదింపజేస్తే ఆ ప్రమాదం ఉన్నది నిజమే. ఇక్కడ కావలసింది తేడా ఉన్న చోట మాత్రమే ఆగి చూపడం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ప్రవేశపెట్టిన ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో తెలుగు, ఆంగ్ల పాఠాలు ఎదురెదురు పుటల్లో ఉంటాయి. వాటిలోని ఒక పాఠంలో 'మనం', 'మేము' ఉన్న చోట్లను గుర్తించి, ఎదుటి పుటలో 'వుయ్' ఎక్కడెక్కడ వచ్చిందో వెదకమంటే భేదాన్ని విద్యార్థే కనుగొంటాడు.

అయితే ఒకే తులనాపట్టిక అందరికీ చాలదు. ఇంట్లో 'నాను', 'ఆడు' అనే పిల్లలకు పాఠ్యపుస్తకంలోని 'నేను', 'వాడు' సైతం నేర్చుకోవలసిన రూపాలే. ఒడియా మాతృభాషగా గల వారికి 'హీ', 'షీ' భేదమే కొత్త. ఒడియాలో ఆ రెండింటికీ ఒకే సర్వనామం వాడతారు. కాబట్టి ఉపాధ్యాయుడు ముందుగా తెలుసుకోవలసింది తరగతిలోని పిల్లలు ఇంట్లో ఎలా మాట్లాడతారన్నదే. సర్వనామ భేదాల పేర్లు ఆ తరువాత చెప్పినా ఆలస్యం కాదు.