కోట గోడకు ఇవతల

ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా ఆటలో నేను కత్తి దూసిన సేపు తక్కువ, గడ్డిలో నక్కిన సేపు ఎక్కువ. హైదరాబాదులో చదివే మా తమ్ముని కొడుకు సెలవులకు లక్సెట్టిపేట వచ్చినప్పుడు తన ప్లేస్టేషన్ మా టీవీకి తగిలించి, పోయేటప్పుడు ఇక్కడే వదిలేశాడు. మెషిన్ ఇచ్చాడు గానీ నా ఆట తీరు మీద వాడికి గౌరవం లేదు. "చేతిల కత్తి పెట్టుకొని ఊకె గడ్డిల కూసుంటవేంది పెద్దబాపూ? ఉరికి కొట్టరాదు!" అంటాడు. ఉరికి కొట్టడానికి సవాలక్ష ఆటలున్నాయి. దీని రుచంతా ఆ కూర్చోవడంలోనే ఉంది.

ఆట తెలియనివాళ్లకు నాలుగు ముక్కలు. అమెరికాలోని సకర్ పంచ్ అనే స్టూడియో 2020 జూలైలో దీన్ని విడుదల చేసింది. కథాకాలం 1274. మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ పంపిన ఓడలు జపాన్ మీదికి పోతూ దారిలో ఉన్న త్సుషిమా దీవి మీద పడతాయి. చరిత్రలో ఆ దీవిని కాచిన సో సుకెకుని 80 మంది రౌతులతో కొమోదా తీరంలో ఎదురు నిలిచి అక్కడే చనిపోయాడు. ఆటలో సుకెకుని లేడు. ఆయన చోట షిమురా అనే ప్రభువు, ఆయన మేనల్లుడు జిన్ సకాయ్ ఉంటారు, ఇద్దరూ కల్పితమే. దండంతా తీరంలో పడిపోయాక, చావుబతుకుల్లో ఉన్న జిన్‌ను యూనా అనే దొంగ బతికిస్తుంది. అక్కడి నుంచి దీవి మన ముందు తెరిచి ఉంటుంది. గుర్రమెక్కి ఎటైనా పోవచ్చు, కథ తొందరపెట్టదు.

దారి చూపే తీరు నాకు మొదట నచ్చింది. చాలా ఆటల్లో తెర మూలన చిన్న మ్యాపు, దాని మీద చుక్కలు ఉంటాయి. ఆడేవాడి కన్ను ఆ మూలకే అతుక్కుపోతుంది. ఇందులో ఆ మ్యాపు లేదు. కంట్రోలర్ మధ్యనున్న నున్నటి పలక మీద వేలు పైకి జరిపితే గాలి లేస్తుంది. మనం పోవాల్సిన దిక్కుకు గడ్డి వంగుతుంది, రాలిన ఆకులు ఎగిరిపోతాయి. ఆ గాలి పట్టుకొని పోవడమే.

ఇక శిబిరం దగ్గరికి వద్దాం. రాత్రి, కర్రల కంచె, లోపల రెండు నెగళ్లు, ఎత్తున బురుజు మీద ఒక విలుకాడు. నేను కంచె బయట నడుములోతు గడ్డిలో ఉంటాను. బల్లెం పట్టుకున్న కావలివాడు నెగడి దగ్గర బయల్దేరి కంచె మూల దాకా వస్తాడు, ఆగుతాడు, చీకట్లోకి చూస్తాడు, వెనుదిరుగుతాడు. ఒకసారి చూస్తే చాలదు. రెండోసారి వాడు తిరిగే వేళకు బురుజు మీదివాడు ఎటు చూస్తున్నాడో చూడాలి. ఇద్దరి వీపులూ ఒకేసారి నా వైపు ఉండే ఆ కొద్ది క్షణాలు ఎప్పుడొస్తాయో పట్టుకోవాలి. తొందరపడి కదిలితే కావలివాడి తల మీద ఒక గుర్తు నిండడం మొదలవుతుంది. అది నిండేలోపు మళ్లీ గడ్డిలోకి జారుకోవాలి. నిండిందా, శిబిరమంతా మీద పడుతుంది. లోపల బందీలుంటే ఇంకా కష్టం, మనల్ని చూసిన మంగోలులు వాళ్ల ప్రాణాలు తీయడానికి వెనుకాడరు. మక్కచేను మంచె మీద అడవిపందుల కోసం రాత్రి కావలి కూర్చున్నవాళ్లకు ఈ పని కొత్త కాదు. చెవి ఒక దిక్కు, కన్ను ఒక దిక్కు పెట్టి, దగ్గు కూడా ఆపుకొని కూర్చోవడం. తేడా ఒక్కటే, ఇక్కడ పందిని నేనే.

కూర్చొని కూర్చొని విసుగు రాదా అంటే, చేతిలో గాలిగంట ఉంటుంది. దాన్ని దూరంగా విసిరితే గలగలమంటుంది, ఒకడు "ఏమిటా" అని చూడటానికి గుంపులోంచి విడిపోతాడు. ఎవడు విడిపోతాడో, వాడు పోయాక మిగిలినవాళ్లు ఎటు తిరుగుతారో ముందే లెక్కవేసి, ఆ లెక్క సరిపోయినప్పుడు వచ్చే ఆనందం కత్తియుద్ధంలో నాకు దొరకలేదు.

ఈ పని జిన్‌కు మాత్రం నచ్చదు. వెనకనుంచి మొదటిసారి ఒకణ్ణి పొడిచినప్పుడు ఆట ఆగి, చిన్నప్పుడు మేనమామ చెప్పిన పాఠం చూపిస్తుంది: శత్రువు కళ్లలోకి చూసి చంపాలి. చాటుగా దెబ్బతీయడం నేర్పింది యూనా. కథంతా ఈ ఇద్దరు గురువుల మధ్య గుంజులాటే. షిమురాకు గుర్రాలున్నాయి, ఇంటిపేరుంది, వెనక బలగముంది. యూనాకు ఒక తమ్ముడు తప్ప ఏమీ లేదు. ఎదురెదురు నిలబడి కొట్లాడే మర్యాద కోటలో ఉన్నవాళ్లకు చెల్లుతుంది. గోడకు ఇవతల ఉన్నవాళ్లకు మిగిలేది చీకటీ ఓపికా. మన సినిమాలూ పాఠ్యపుస్తకాలూ కోటను ఎప్పుడూ దర్బారు వైపునుంచే చూపించాయి. గోడను బయటినుంచి, కిందినుంచి, ఎక్కాల్సినవాడి కంటితో చూడటం నాకు ఈ ఆటతోనే అలవాటైంది.

అలవాటయ్యాక సర్వాయి పాపన్న కథ వేరుగా వినబడింది. గౌడుల ఇంట్లో పుట్టి, ఖిలాషాపూర్‌లో కోట కట్టుకొని, మొగలుల కాలంలో సొంత దండు నడిపినవాడు. 1708 మార్చి 31 రాత్రి ఓరుగల్లు మీద పడ్డాడు. ఆ రాత్రే ఎందుకు? తెల్లవారితే మొహర్రం పదో రోజు. ఊరంతా పీరీల పండుగలో ఉంటుంది, గోడ మీద కావలి పలచబడుతుంది. వెంట రెండు మూడు వేల కాల్బలం, నాలుగైదు వందల గుర్రాలు ఉన్నా, పని మొదలైంది తాళ్లతో. గోడకు విసిరి, పాకి, అవతల దిగారు. తాటిచెట్టుకు మోకు వేసే ఇంట్లో పుట్టినవాడికి తాడు సంగతి ఇంకొకరు చెప్పాలా! ఔరంగజేబు పోయి ఏడాది దాటింది, వారసులు గద్దె కోసం కొట్లాడుకుంటున్నారు. పాపన్న ఒక్క కావలివాడి నడకనే కాదు, మొత్తం రాజ్యం నడకనే కనిపెట్టి కూర్చున్నాడు.

ఓరుగల్లు పోయినవాళ్లం అందరం తోరణాల దగ్గర ఫొటో దిగి వస్తాం. ఈమధ్య పోయినప్పుడు నేను రాతిగోడ పట్టుకొని నడిచాను. 45 బురుజులు. ద్వారంలోకి నేరుగా పోలేం, మలుపులు తిరిగి పోవాలి. ఉరికొచ్చిన గుర్రం వేగం అక్కడే చచ్చిపోతుంది, పైనుంచి కొట్టేవాడికి దాని పక్కలు దొరుకుతాయి. రాతిగోడ బయట కందకం, దాని అవతల మట్టికోట. ఏ మూలన నిలబడితే ఏ బురుజుకు కనబడమో చూస్తూ, వంగి లేస్తూ నడుస్తుంటే పల్లీలమ్మే ఆమె "ఏం పోగొట్టుకున్నరు సారూ?" అని అడిగింది.

ఆ రాతిగోడ గణపతిదేవుడి కాలంలో లేచింది, రుద్రమదేవి కాలంలో ఇంకా ఎత్తయింది. జిన్ గడ్డిలో నక్కిన 1274లో ఓరుగల్లు గద్దె మీద ఉన్నది ఆమే. కుబ్లాయ్ ఖాన్ కొలువులో ఏళ్ల తరబడి ఉన్న మార్కో పోలో, ఖాన్ జపాన్ మీదికి ఓడలు పంపిన సంగతీ చెప్పాడు, మోటుపల్లి సీమను ఒక రాణి న్యాయంగా ఏలిన సంగతీ చెప్పాడు. ఆ రాణి రుద్రమే అంటారు చరిత్రకారులు. త్సుషిమా మీదికి ఓడలు పంపినవాడూ మన రుద్రమా ఒకే పుస్తకం అట్టల మధ్య ఉన్నారన్నమాట.

ఆటలో తప్పులు లేవని కాదు. జిన్ తొడిగే కవచాలు, పట్టే కత్తి ఆ తర్వాతి శతాబ్దాలవి. నీటి ఒడ్డున కూర్చోబెట్టి మనతో హైకూ కట్టిస్తారు. హైకూ అప్పటికి పుట్టనే లేదు. ఇవి నాకు అడ్డు రాలేదు. అడ్డొచ్చినవి నక్కలు. ఒక నక్క వెంటబడి చిన్న గుడి దాకా పోవడం మొదట ముచ్చటగా ఉంటుంది. దీవి నిండా అవే ఉన్నప్పుడు ముచ్చట పోయి లెక్క మిగులుతుంది: ఇన్నయ్యాయి, ఇన్ని మిగిలాయి. ఓపెన్ వరల్డ్ ఆటలకు ఇదొక జబ్బు. అసాసిన్స్ క్రీడ్ సిరీస్‌లోనైతే బాగా ముదిరింది.

అయినా ఆడినవాళ్లు ఆ దీవిని మరచిపోలేదు. 2020 సెప్టెంబరులో తుఫానుకు అసలు త్సుషిమాలోని వతత్సుమి గుడి ముందరి ద్వారం కూలింది. తిరిగి నిలబెట్టడానికి అడిగిన చందా 50 లక్షల యెన్‌లు, వచ్చింది 2.7 కోట్ల పైచిలుకు. ఆ ఇచ్చినవాళ్లలో చాలామంది ఈ ఆట ఆడినవాళ్లే. మా లక్సెట్టిపేటకు గోదావరి అవతలి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహనుల మూలపురుషుడు సిముకుడి నాణేలు దొరికిన చోటు, మట్టికోట ఉన్న చోటు. ఎల్లంపల్లి ప్రాజెక్టు ముంపు దాని మీదికి వచ్చినప్పుడు, చందా మాట దేవుడెరుగు, ఇవతలి ఒడ్డున మాలో ఎంతమందికి అక్కడేముందో తెలుసు?

అసాసిన్స్ క్రీడ్ మన దేశానికి 2016లో వచ్చింది, క్రానికల్స్: ఇండియా పేరుతో. 1841, సిక్కు రాజ్యం, హీరో అర్బాజ్ మీర్. రంగులు బాగున్నాయి. కానీ అందులో తెర మీద అటూ ఇటూ పోవడమే తప్ప గోడ చుట్టూ తిరిగే వీలు లేదు. చుట్టూ తిరగలేని కోట నాకెందుకు? రేపు ఓరుగల్లు మీద ఎవరైనా ఆట చేస్తే, పాపన్నను కటౌట్ హీరోను చేయొద్దని నా మనవి. ఆ రాత్రి తర్వాత ఊరు దోపిడీ అయింది, జనం బందీలయ్యారు, అదీ ఉండాలి. మార్చి 31 ఒక్క రాత్రి చాలు. డప్పుల మోతలో, అలాయి గుండం చుట్టూ తిరిగే జనంలోంచి నడిచి గోడ దాకా పోవాలి. కావలి కాయాల్సినవాడు పీరీలు చూడబోయాడో లేదో మనమే కనిపెట్టాలి. ఇప్పటిదాకా నేను సెకండ్ హ్యాండ్ డిస్కులే కొన్నాను. దానికైతే కొత్తదే కొంటాను.