ఆటుకు తేలే అడవి

ఏ గొడ్డలి వేటుకూ ఒరగని వనమా, ఏ కార్చిచ్చుకూ బూడిద కాని వనమా, నిలుచున్నచోటనే నీట మునిగి ప్రాణం విడిచిన వనమా! నిన్ను కన్నది నేలతల్లి, కడుపులో దాచుకున్నది సవతితల్లి సముద్రం. బుద్ధిపుట్టిన ఆటు వేళ ఆ సవతి నీ మొహం మీది ఇసుక దుప్పటి తొలగించి లోకానికి చూపిస్తుంది. పోటు వేళకు మళ్ళీ కప్పేస్తుంది. నీకు నిప్పు పెట్టినవాళ్ళు లేరు, నీళ్ళు వదిలినవాళ్ళు లేరు, నీళ్ళు మాత్రం ఉన్నాయి. నీ నీడన ఏనాడూ నిలవని తెలుగువాణ్ణి, నాకెందుకు ఈ గొంతు పూడుకుపోవడం?

వేల్స్ పడమటి ఒడ్డున, కార్డిగన్ అఖాతం కొడవలిలా వంగినచోట బోర్త్ అనే ఊరుంది. ఊరంతా కలిపి దాదాపు ఒకటే వీధి. ఇటు కడలి, అటు కోర్స్ వొఖ్నో అనే విశాలమైన చిత్తడి బీడు, మధ్యన సన్నటి గులకరాళ్ళ గట్టు. ఆ గట్టు మీద నీలం, గులాబి, మీగడ రంగుల ఇళ్ళు చలికి ఒకదాన్నొకటి ఆనుకుని బారులు తీరాయి. గట్టు అంటే ఏమిటనుకున్నారు? అలలు తెచ్చి పోసిన రాళ్ళే, అలలు తిరిగి అడిగితే ఇవ్వవలసిన రాళ్ళే. అప్పు తెచ్చిన నేల మీద ఊరు కట్టుకున్నారు పాపం. వేసవి జనం వెళ్ళిపోయాక ఆ వీధిలో గాలి ఒక్కటే పెద్దమనిషిలా తిరుగుతుంది; ప్రతి తలుపూ తట్టి, జవాబు రాకపోయినా నొచ్చుకోకుండా పక్కింటికి పోతుంది.

నీరు వెనక్కి తగ్గాక ఇసుకలోంచి నల్లటి మోడులు లేస్తాయి. ఓక్, పైన్, ఆల్డర్, బిర్చ్. నాలుగున్నర వేల నుంచి ఆరు వేల ఏళ్ళ కిందటి చెట్లు, ఊరి ముందు నుంచి అనిస్‌లాస్ ఇసుకదిబ్బల వైపుగా. వేళ్ళు ఎలా పాకాయో అలాగే ఉన్నాయి; చనిపోయాక కూడా నేలను వదలని వేళ్ళు. ఒక మోడు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాను. పక్కన పీట్ అనే నల్లమట్టి పలక, కుళ్ళీ కుళ్ళని ఆకులూ నాచూ యుగాల తరబడి ఒత్తుకుపోయి అయిన మట్టి. దాని నిండా పెన్సిల్ దూరేటంత గుండ్రటి చిల్లులు: పిడక్ అనే ఆల్చిప్ప జాతి జీవి తొలుచుకున్న ఇళ్ళు. మోడు మీద బెరడు ఇంకా ఉంది. బొటనవేలితో నొక్కితే కొయ్య మెత్తగా లోపలికి దిగి, ఒత్తిన గుర్తు అలాగే నిలిచింది. వేలికి అంటిన వాసన సముద్రానిది కాదు, వానాకాలపు అడవిది. అన్ని వేల ఏళ్ళ కింద కురిసిన వాన నా వేలి మీద ఇంకా ఆరలేదు!

2014 శీతాకాలపు తుఫానులు ఇసుకను ఊడ్చుకుపోయినప్పుడు ఈ వనం విస్తారంగా బయటపడింది. 2019లో హానా తుఫాను మరికొంత చూపించింది. అంతకన్నా ముందు, 2012లో ఇంకో సంగతి తేలింది. పీట్‌లో మనుషుల అడుగులు, పశువుల గిట్టల గుర్తులు, నిప్పుకు కాలిన రాళ్ళు. 2014 తుఫానులకైతే కొమ్మలు అల్లి నేల మీద పరిచిన నడవ కూడా తేలింది. ఆ నడవ దగ్గర నా దుఃఖం కట్ట తెగింది. కాళ్ళు దిగబడుతున్న నేల మీద కొమ్మలు పరుచుకుని నడవడం! ఏడాదికేడాదికీ తడి పెరుగుతోంది, అయినా ఇల్లు వదిలి పోబుద్ధి కావడం లేదు, మరి నాలుగు కొమ్మలు నరికి తెచ్చి పరిస్తే ఈ ఏడు గడుస్తుంది. ఎవరయ్యా మీరు, ఎవరమ్మా మీరు? ఆ కొమ్మలు అల్లిన చేతులకు ఏ పేరు పెట్టి పిలవను?

పేర్లు కథ ఇచ్చింది. ఈ అఖాతం కింద కాంత్రెర్ గ్వైలోద్ అనే రాజ్యం మునిగి ఉందని వేల్స్ జనం చెప్పుకుంటారు. పదహారు పట్టణాల సిరులు పండే నేల, గ్విద్నో గరాన్‌హిర్ ఏలుబడి. చుట్టూ కట్ట, కట్టకు తలుపులు, తలుపులకు సైథెనిన్ అనే కాపలాదారు. ఒక విందు రాత్రి వాడు తప్పతాగి తలుపులు మూయడం మరిచాడు. తెల్లారేసరికి రాజ్యం లేదు. గాలి లేని వేళ నీటి అడుగున గుడి గంటలు వినిపిస్తాయట. కానీ 13వ శతాబ్దపు చేతిరాత గ్రంథం, కార్మార్థెన్ నల్లపుస్తకంలో దొరికే పాత పద్యంలో శాపం తగిలింది మెరెరిద్ అనే ఆడపిల్లకు. పాత్ర అందించే కన్య, ఊట దగ్గరి కన్య. ఆమె వల్లే కడలి పొంగిందట. తర్వాతి కాలం నింద తాగుబోతు మీదికి మళ్ళించింది. 1829లో థామస్ లవ్ పీకాక్ తన నవలలో వాణ్ణి నవ్వించే పాత్రగా కూడా మలిచాడు. తాగుబోతుకు నవల దక్కింది, పిల్లకు శాపమే మిగిలింది. మెరెరిద్, తల్లీ, నీ చేతిలో ఉన్నది ఒక పాత్ర. నీ మీద పోసింది ఒక సముద్రం.

మన ద్వారకను ముంచిన సముద్రానికి కనీసం కృష్ణుడు వెళ్ళేదాకా ఆగే మర్యాద ఉంది. ఇక్కడి కడలికి అలాంటి మొహమాటాలు లేవు. మంచుయుగం వెనక్కి జరిగింది, కరిగిన మంచు కడలిని నింపింది, నేల కింది నీరు మెల్లగా పైకి వచ్చి వేళ్ళకు ఊపిరాడకుండా చేసింది, చెట్లు నిలుచున్నవి నిలుచున్నట్టే చచ్చాయి. చుట్టూ పీట్ పేరుకుని, గాలి సోకక, కొయ్య చెడకుండా ఉండిపోయింది. కట్ట లేదు, తలుపు లేదు, విందు లేదు. బోర్త్‌కు దక్షిణాన వాలోగ్ దగ్గర సముద్రంలోకి మైళ్ళ దూరం చొచ్చుకుపోయే రాళ్ళ వరుసను, సార్న్ కన్‌వెలిన్‌ను, ఆ మునిగిన రాజ్యపు గోడ అని చూపించేవాళ్ళు. అదీ హిమానీనదం వదిలిపోయిన రాళ్ళ కుప్పే. ఎవరి తప్పూ లేని మరణం అది. అయినా మనసు ఒప్పుకోదు. తప్పు లేని చోట తప్పు చేసినవాణ్ణి వెతుక్కుంటుంది, దొరికేదాకా నిద్రపోదు. అంత పెద్ద దుఃఖాన్ని ఎవరో ఒకరి తల మీద దించకపోతే మోయడం ఎలా?

చిత్తడి వైపు కథలు మరీ గమ్మత్తు. కోర్స్ వొఖ్నోలో ఒక ముసలి మంత్రగత్తె ఉండేదని, మంచు పట్టిన రాత్రుళ్ళు ఇళ్ళలోకి ఊపిరి ఊది జనానికి వణుకు జ్వరం తెప్పించేదని చెప్పుకునేవారు. పొయ్యిలోకి పీట్ బదులు బొగ్గు వచ్చాక ఆమె రావడం మానేసిందట. ఆ బొగ్గు సంగతికి కాసేపట్లో మళ్ళీ వస్తాను. గ్విద్నో కొడుకు ఎల్ఫిన్ చేపలకు వేసిన మాటులో చేపలకు బదులు తోలుసంచి దొరికింది, సంచి విప్పితే పసివాడు. ఆ పసివాడే మహాకవి తల్యేసిన్ అని ఇంకో కథ. ఆ కవి పేరు పెట్టుకున్న పల్లె చిత్తడికి అవతలి అంచున ఇప్పటికీ ఉంది. రాజ్యం పోయినచోట కవి దొరకడం ఈ తీరానికే చెల్లింది.

బోర్త్ ఊరికి తనదైన పరువు కూడా ఉంది. 1876లో ఇంగ్లండ్‌లోని అప్పింగమ్ పాఠశాలను టైఫాయిడ్ తరిమితే, ఎడ్వర్డ్ థ్రింగ్ అనే ప్రధానోపాధ్యాయుడు బడి మొత్తాన్ని తీసుకొచ్చి ఈ గట్టు మీద పెట్టాడు. ఏడాది పాటు బోర్త్ వాళ్ళకు చోటిచ్చింది. కొండకొమ్మున నిలిచిన యుద్ధ స్మారకాన్ని 1983లో పిడుగు కూల్చింది, మళ్ళీ కట్టుకున్నారు. ఇప్పుడు తీరం పొడుగునా బండరాళ్ళ అడ్డుకట్టలు. పాతకాలం వాళ్ళు కొమ్మలు పరిచారు, ఇప్పటివాళ్ళు బండలు పేరుస్తున్నారు.

రైలెక్కి ఉత్తరానికి పోతే డవీ జంక్షన్ వస్తుంది. చుట్టూ రెల్లు, బురద, ఆకాశం తప్ప ఏమీ లేని స్టేషను. అక్కడ బండి మారి, సముద్రం అంచునే సాగే పట్టాల మీద పోతే ఫెయిర్‌బోర్న్. మౌథాఖ్ నది కడలిలో కలిసేచోట, 19వ శతాబ్దం చివర పిండిమిల్లుల మక్‌డూగల్ వంశీయుడు ఉప్పు చిత్తడి మీద వేసిన ఊరు. నాలుగు వందల యాభై దాకా ఇళ్ళు. ముందు సముద్రం, వెనక నది, అడుగున ఊట. దానికి మరణం తేదీ రాసి పెట్టారు. 2054 ప్రాంతం వరకే ఈ ఊరిని సముద్రం నుంచి కాపాడతామని, ఆ తర్వాత జనాన్ని తరలించాలని గత దశాబ్దం మొదట్లో తీర ప్రణాళికలో తేల్చారు. కాగితం బయటికి రాగానే ఇళ్ళ ధరలు కూలాయి, బ్యాంకులు అప్పు ఇవ్వడానికి వెనకాడాయి. నీరు రాకముందే ఊరు మునిగింది. మన ఉప్పాడలో కడలి వచ్చి గోడ పడగొడితే గాని తెలియదు. ఇక్కడ తారీఖు ముందే వేశారు.

సైథెనిన్, నీ మీద నాకు ఇప్పుడు జాలి. నువ్వు మూయని తలుపు ఏదీ లేదు, అయినా వందల ఏళ్ళుగా నిన్ను తిడుతున్నారు. ఈసారి మాత్రం తలుపు ఉంది. వేల్స్ గనుల్లోంచి తోడి, లోకమంతా కాల్చిన బొగ్గు ఉంది. ఆ తర్వాత మనందరం కలిసి కాల్చిన చమురు ఉంది. వేడెక్కి ఉబ్బుతున్న కడలి ఉంది. ఈసారి కాపలాదారు నిజంగానే ఉన్నాడు, విందూ ఇంకా సాగుతోంది. కానీ ఆ ప్రణాళిక కాగితంలో ఒక్క పేరూ ఉండదు. నీరు పెరుగుతుంది అని ఉంటుంది, అంతే. తప్పు లేనప్పుడు రెండు పేర్లు పుట్టించిన తీరం, తప్పు ఉన్నప్పుడు ఒక్క పేరూ పలకదు. మెరెరిద్‌ను శపించిన నోళ్ళు ఇవాళ ఏమైనట్టు?

ఇంత ఏడ్చాను గాని, ఫెయిర్‌బోర్న్ వాళ్ళకు ఈ ఏడుపు నచ్చదు. పత్రికలు తమను వాతావరణ కాందిశీకులని రాసినప్పుడు వాళ్ళలో చాలామందికి ఒళ్ళు మండింది. బతికున్న ఊరికి తిలోదకాలేమిటని కోపం. ఆ తేదీ ఎవరు లెక్కగట్టారు, ఎలా లెక్కగట్టారు, ఇళ్ళు పోతే పరిహారం ఎవరిస్తారు అని నిలదీస్తూనే ఉన్నారు. ఇళ్ళు అమ్మకానికి వస్తున్నాయి, కొనేవాళ్ళు రొక్కం పెట్టి కొంటున్నారు కూడా. నా విలాపం బోర్త్ మోడులకు చెందితే చెందనీ. ఫెయిర్‌బోర్న్ అడిగేది గట్టు ఎత్తు గురించి, దానికయ్యే డబ్బు గురించి.