ఎకనమిక్స్ చదివి ఏం చేస్తారు?

ఎం.ఏ. ఎకనమిక్స్‌లో సీటొచ్చిందని చెబితే ఇంట్లో వినిపించే మొదటి మాట: "తర్వాత బ్యాంకు పరీక్షలేనా?" ఆ దారి మంచిదే, కానీ అదొక్కటే కాదు. 1961లో ఏర్పడిన ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ (ఐఈఎస్) పరీక్ష రాయడానికి అర్హతే ఎకనమిక్స్ పీజీ. 2003 నుంచి 2013 దాకా వరసగా రిజర్వు బ్యాంకు గవర్నర్లుగా ఉన్న వై.వి.రెడ్డి, దువ్వూరి సుబ్బారావు ఈ సబ్జెక్టులోనే పీహెచ్‌డీ చేశారు. రెడ్డి ఉస్మానియాలో, సుబ్బారావు ఆంధ్రా యూనివర్సిటీలో.

పదవుల సంగతి అలా ఉంచితే, ఈ చదువులోని పనితనం చూడాలంటే మాత్రం పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురుపల్లికి వెళ్లాలి.

1975లో పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కొన్ని మెట్ట ఊళ్లను ఎంచుకుని సర్వే మొదలుపెట్టింది. వాటిలో అవురుపల్లి ఒకటి. ఊరికి 40 కుటుంబాలు: చిన్న, మధ్యతరహా, పెద్ద రైతులు పదేసి మంది, భూమిలేని కూలీలు పది మంది. సర్వే చేసేవాళ్లు ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకోసారి ప్రతి గడపా తొక్కేవారు.

ఇలాంటి సర్వేలో "పోయిన నెల ఎన్ని దినాలు కూలికి పోయినవ్?" అని అడిగి ఊరుకుంటే కుదరదు. కలుపుకా, కోతకా? డబ్బులిచ్చారా, జొన్నలు కొలిచారా? జొన్నలైతే ఆ వారం ఊళ్లో ధరెంత? సొంత ఎద్దులతో దున్నుకుంటే ఆ ఖర్చు ఎట్లా కట్టాలి?

ఈ ఓపికకు ఫలితం దక్కింది. రాబర్ట్ టౌన్‌సెండ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త అవురుపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు ఊళ్ల లెక్కలు తీసుకుని 1994లో ఎకనమెట్రికా పత్రికలో వ్యాసం రాశాడు. ఒక ఇంటి ఆదాయం పడిపోయినా, తిండీ ఖర్చూ అంతగా పడిపోవడం లేదని, అవి ఊరి సగటుతో కలిసి నడుస్తున్నాయని తేల్చాడు. అయితే ఆ ఆసరా అందరికీ ఒకేలా లేదు. భూమిలేని కూలీలకు తక్కువగా అందిన ఊరూ ఉంది. పేదరికం మీద, పంటల బీమా మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ ఆ వ్యాసం తిరగేస్తుంటారు.

మన యూనివర్సిటీల్లో ఎకనమెట్రిక్స్ బాగానే చెబుతారు. సాఫ్ట్‌వేర్‌లో అంకెలు ఎక్కించి ఫలితం రాబట్టడం పిల్లలకు చిటికెలో పని. ఆ అంకెను ఎవరు, ఎవరిని, ఎలా అడిగి రాసుకున్నారో తెలిసినవాళ్లే తక్కువ. బ్యాంకులో రైతు రుణం దస్త్రం చూసే ఆఫీసరుకైనా, ధరల పెరుగుదలను లెక్కగట్టే ఐఈఎస్ అధికారికైనా రోజూ కావలసింది ఆ తెలివిడే.

ఇక్రిశాట్ ఊళ్ల సమాచారం ఇప్పుడు విద్యార్థులకు ఉచితంగా దొరుకుతోంది. హైదరాబాద్ నుంచి అవురుపల్లి ఒక్కపూట ప్రయాణం. ఎం.ఏ. రెండో ఏడాది ప్రాజెక్టు కోసం లైబ్రరీలో గడిపే నెలలో ఒక్క వారమైనా అలాంటి ఊళ్లో ఉండి, పది ఇళ్ల ఖర్చులు స్వయంగా రాసుకురమ్మని పిల్లల్ని పంపే బాధ్యత ఎకనమిక్స్ శాఖలదే.