జాషువా కవిత్వమును మన సంఘములు ఎట్లు చదువవలెను?



కొల్లేటి లంకలలో గాని, ఏలూరు తాడేపల్లిగూడెముల నడుమనున్న పల్లెలలో గాని సత్యహరిశ్చంద్ర నాటకము చూడనివారు మీలో కొద్దిమందియే యుందురు. రాత్రంతయు పందిరిలో తూగిన పెద్దలు సయితము కాటి సీను రాగానే లేచి కూర్చుందురు. ఆ నాటకము బలిజేపల్లి లక్ష్మీకాంతము గారిది. అయితే ఆ చోట నటులు ఎత్తుకొను పద్యములలో మిక్కిలి పేరుపొందినవి ఆయన వ్రాసినవి కావు. అవి గుఱ్ఱం జాషువా గారి "శ్మశానవాటి" లోనివి. వ్రాసినవాడు వినుకొండలో 1895లో పుట్టిన క్రైస్తవుడు. ఈ పద్యములను కంఠస్థము చేసినవారు మన సంఘములలో అనేకులున్నారు గాని ఈ సంగతి ఎరిగినవారు కొందరే.

ఇప్పుడు దీనిని ఎందుకు ఎత్తుకొంటిననగా, పద్యము, హార్మోనియము, నాటకము అను వీటియందు ఆసక్తిగల యౌవనులు మన పల్లెసంఘములలో ఇంకను ఉన్నారు. వారిని గూర్చి పెద్దలలో వివాదమును ఉన్నది. "రక్షణ పొందినవానికి రంగస్థలముతో పనియేమి?" అని పెద్దలందురు. పగలంతయు చేపల చెరువులో నడుములోతు నీట నిలిచి వలలాగిన కుఱ్ఱవాడు, "అయ్యగారూ, సాయంత్రము ఒక గంట పాడుకొనుట కూడ తప్పేనా?" అని అడుగును. 2006లో కొల్లేటి చెరువుల గట్లు కూల్చినప్పుడు కూలి పోగొట్టుకొన్నవారు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరు కొల్లేటికి దిగినప్పుడు ఇల్లు మునిగినవారు మనలో నున్నారు. అట్టివారికి మిగిలిన ఆ ఒక్క సంతోషమును గూర్చి తీర్పు చెప్పుటకు ముందు, అదే ఆసక్తితో జీవితమంతయు గడిపిన ఒక క్రైస్తవుని గ్రంథములను చూచుట న్యాయము.

జాషువా గారికి కలిమి లేదు. బడిపంతులుగా బ్రదికినాడు. మూగ సినిమాల కాలమున రాజమండ్రిలో తెర ప్రక్కను నిలిచి కథ చెప్పు పని చేసినాడు. గుంటూరులో లూథరన్ మిషను వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పనిచేసినాడు. సభలో పద్యము చదువబోగా కులమడిగి అవమానించినవారున్నారు. ఇది ఒక వైపు. మరియొక వైపున, క్రైస్తవుడై యుండి పురాణకథలు వ్రాసెనని మనవారే ఆయనను వెలిగా చూచిరని చెప్పుదురు. బయటివారికి అంటరానివాడు, లోపలివారికి అవిశ్వాసి! ఈ రెండు తలుపుల నడుమ నిలిచి ఆయన వ్రాసినాడు. ఈ మాట మరువక చదువవలెను.

మొదట శ్మశానవాటిని చూతము. అందు కవి కాటిలో నిలిచి, అక్కడ నిద్రించువారిని తలంచి దుఃఖించును. రాజునకును కూలివానికిని అక్కడ భేదము లేదు. ఈ భావము మనకు కొత్తది కాదు. ప్రసంగి గ్రంథములో నున్నదే. వరదకాలమున మెరక దొరకక శవమును దోనెమీద మోసికొనిపోవు లంకవాసులకు దీనిని వివరింపనక్కరలేదు. అయితే ఆ పద్యములలో పునరుత్థానము లేదని కొందరు బోధకులు ఆక్షేపింతురు. లేదు, నిజమే. ప్రసంగి గ్రంథములోను ఈస్టరు ఉదయము కనబడదు. దానిని బైబిలులోనుండి తీసివేయుదుమా? దుఃఖమును ఉన్నదున్నట్టు చెప్పుట కవి పని. సమాధి యొద్ద నిరీక్షణను ప్రకటించుట సంఘము పని. మన పనిని కవి చేయలేదని కవిపై నేరము మోపుట సోమరితనమే.

గబ్బిలము సంగతి ఇంత సులువు కాదు. 1941లో వెలువడిన ఈ కావ్యములో అంటరానివాడైన ఒక పేదవాడు తన గోడును కాశీ విశ్వనాథునికి విన్నవించుమని గబ్బిలమును వేడుకొనును. వానికి గుడిలో ప్రవేశము లేదు, గబ్బిలమునకు అడ్డులేదు. కాళిదాసు మేఘమును పంపినాడు. నలుని కథలో హంస దూత. జాషువా గారు ఎవరును ఇంటిలోనికి రానీయని గబ్బిలమును ఎన్నుకొన్నాడు. మన బైబిలు తెరచి లేవీయకాండము 11వ అధ్యాయము చూడుడి. తినకూడని పక్షుల పట్టికలో కట్టకడపటిది గబ్బిలమే. అపవిత్రమని త్రోసివేయబడిన ప్రాణినే అపవిత్రుడని త్రోసివేయబడిన మనుష్యునికి స్నేహితునిగా చేసినాడు. పేతురు యొప్పేలో మిద్దెమీద చూచిన దర్శనమును ఎరిగిన చదువరి ఈ ఎన్నికలోని బలమును ఇతరులకంటె త్వరగా గ్రహింపవలెను. అట్లే 102వ కీర్తనలో బాధితుడు తన్ను గూడబాతుతో పోల్చుకొనును. ఆటపాక యొద్ద గూడబాతులను చూడని కొల్లేటివాడెవడు? శ్రమపడువాడు మనుష్యులలో ఆలకించువాడు లేక పక్షులవైపు తిరుగుట లేఖనములలోను కలదు.

"విన్నపము శివునికి గదా పంపినాడు!" అందురు. అవును. ఆ విన్నపము కవిది కాదు, కావ్యములోని ఆ పేదవానిది. వాడు ఎరిగిన దేవుని పేరే వాడు పలుకును. ఏథెన్సులో పౌలు అన్యకవుల మాటను ఎత్తి తన ప్రసంగములో చెప్పినాడు గదా. దోర్నకలులో అజరయ్య బిషప్పు గారు కట్టించి 1939లో ప్రతిష్ఠించిన దేవాలయమును చూచినవారికి తెలియును: అందు హిందూ దేవాలయ శిల్పమును మసీదు గుమ్మటముల పోలికయు ఉన్నవి, అందరికి పైగా ఉన్నది సిలువ. నా మట్టుకు నేను గబ్బిలమును ఈ పక్షమున చేర్చుదును. ఈ కావ్యము చదివి నాకు కలుగు బాధ వేరొకటి. మూయబడిన గుడి తలుపును గూర్చి కన్నీరు విడుచు మనము, ఫలాని పేటవారికి ఫలాని వైపే కూర్చుండుటకు చోటని, సమాధుల తోటలో నడుమ గట్టు ఉండవలెనని ఇంకను పట్టుపట్టు సంఘములు లేవా? ఆ గబ్బిలము మన గుడి దూలముననే వ్రేలాడుచుండవచ్చును.

ఇక క్రీస్తు చరిత్ర. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందిన గ్రంథమిది. రాజుల కథలకును పురాణములకును అలవాటుపడిన పద్యములో వడ్లవాని కుమారుని కథను కూర్చి, తెలుగు పండితుల ముందు పెట్టుట చిన్న పని కాదు. కవి విశ్వాసమును శంకించినవారికి ఇది చాలిన ఉత్తరము. అయినను విమర్శకుడు మొగమాటము లేక చెప్పవలసినది ఒకటున్నది. పద్యమునకు నిలిచిపోవు స్వభావము కలదు. భావమును పట్టుకొని, త్రిప్పి చూపి, చివరి పాదమున సాగదీయును. సువార్తికుల పద్ధతి అది కాదు. మార్కు సిలువ వేయుటను ఎంత కొద్ది మాటలతో చెప్పెనో చూడుడి. ఏడువుమని మనకు చెప్పడు. కాబట్టి క్రీస్తు చరిత్రను సువార్తకు బదులుగా చదువుట తగదు. సువార్త చదివినవాడు దానిని చదివి ఆనందింపవచ్చును. మరియు అది సమాజముగా పాడుటకు వ్రాయబడినది కాదు. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) పండిత కుటుంబమున పుట్టియు కీర్తనలు వ్రాసినందున నాట్లు వేయు స్త్రీలు కూడ వాటిని పాడుచున్నారు. పద్యము ఒకడు పాడ పదిమంది వినునది.

అపాయమును అక్కడనే ఉన్నది. పది మంది వినుచుండగా ఒకడు రాగము తీయును, "వన్స్‌మోర్" అని కేకలు లేచును, ఆ కేక చెవిని పడినవానికి మరునాటి ఆరాధనలో నలువదిమందితో కలిసి పాడు కీర్తన చప్పగా తోచును. ఏలూరులో న్యాయవాదియై యుండి నాటకకళకు పేరు తెచ్చిన బందా కనకలింగేశ్వరరావు గారి వంటివారికి అది వృత్తి ప్రక్కనున్న ఆసక్తి; బీదవానికి అదే ఆసక్తి అప్పుగా మారుట నేను చూచియున్నాను. వేషమునకు బాడుగ, హార్మోనిస్టుకు రుసుము, కూలిదినము నష్టము. శనివారము రాత్రి తెల్లవార్లు ఆడి ఆదివారము నిద్రపోవువానిని ప్రశ్నించుటకు నాటకము పాపమా కాదా అను తర్కము అక్కరలేదు. ఏది మొదట నున్నదో గడియారమే చెప్పును.

కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలో వాయించుటకు పిలిచినప్పుడు ఏమి చేయవలెనని బ్యాండు మేళపువారు అడుగుదురు. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 10వ అధ్యాయములో అంగడిలో అమ్మబడు మాంసమును వేరుగాను, విగ్రహముల బల్లను వేరుగాను ఉంచెను. అంగడివీధిలో నాటకమునకు వాయించుట మొదటిది. విగ్రహము ముందు సేవగా వాయించుట రెండవది. కూలి ఎంత ఎక్కువైనను ఈ రెంటిని కలుపరాదు. కాని అట్లు మానుకొన్నవానికి ఆ నెల బియ్యము సంఘము చూడవలెను. ఊరక "మానుము" అనుట బోధ కాదు.

ఈ క్రిస్మసుకు నాటకము వేయదలచిన లంక గ్రామముల యౌవనులు క్రీస్తు చరిత్రలోని పద్యములు కొన్ని తీసికొనవచ్చును. పుస్తకము ఏలూరులో దొరకనియెడల విజయవాడలో అడుగుడి. వేషములకు బాడుగ పెట్టవద్దు. ఇంటి దుప్పట్లు చాలును. రాత్రి పది గంటలకు ముగింపుడి, ఏలయనగా చూడవచ్చినవారిలో సగముమంది నాలుగు గంటలకు లేచి చెరువుకు పోవలసినవారే.