ఉత్త చేతులతో వెళ్లినవాళ్ల లెక్క

ఈ వారం శ్రీపాదవారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’ కోసం ఒక డిజిటల్ గ్రంథాలయంలో వెతికాను. అక్కడ పుస్తకాల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. ‘జ్ఞ’ దగ్గర చిక్కు వచ్చింది. జె ఎన్ ఏ కొట్టాను, జి ఎన్ ఏ కొట్టాను, మధ్యలో వై చేర్చాను. మూడుసార్లూ ఏమీ లేదంది. రచయిత పేరుతో వెళ్తే పుస్తకం అక్కడే ఉంది! పేజీ అడుగున మాత్రం, మీరు వెతికినవన్నీ నమోదు చేస్తున్నామని రాసి ఉంది. ఒళ్లు మండింది.

ఎవరేం చదువుతారన్నది వాళ్ల సొంత విషయమని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. 2006లో ఏఓఎల్ సంస్థ సుమారు 6.5 లక్షల మంది వెతుకులాటలను, పేర్లు తీసి నంబర్లు తగిలించి, పరిశోధకుల కోసం బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే విలేకరులు ఒక నంబరు వెనకున్న మనిషి ఇంటికి చేరారు. వెతికిన మాటలు వరసగా పేరిస్తే చాలు, ఆనవాలు దొరికిపోతుంది.

కానీ అంతలోనే మా ఊరి గ్రంథాలయం గుర్తొచ్చింది. లైబ్రేరియన్ గారి బల్ల మీద ఇష్యూ రిజిస్టరు పక్కన ఒక నోటుపుస్తకం ఉండేది. బీరువాల మధ్య తిరిగి ఉత్త చేతులతో వెళ్లేవాళ్లను ఆపి, ‘‘ఏ పేరుతో చూశావమ్మా?’’ అని అడిగి రాసుకునేవారు. మనిషి పేరు రాసేవారు కాదు. ఎనిమిదో తరగతిలో నేను ‘పార్వతీశం ఇంగ్లండు ప్రయాణం’ అన్నాను. వారం తిరక్కుండా కేటలాగులో ఆ పేరు కింద కూడా ‘బారిష్టరు పార్వతీశం’ నంబరు ఎక్కించారు. ఇష్యూ రిజిస్టరు చూస్తే, ఆ రోజు నేను గ్రంథాలయానికి వచ్చినట్టే లేదు.

వెతికితే వచ్చే ఫలితాల మీద క్లిక్కుల లెక్క కూడా ఆ రిజిస్టరులాంటిదే. కార్నెల్ విశ్వవిద్యాలయంలో జోకిమ్స్ బృందం 2005 నాటి పరిశోధనలో ఫలితాల వరసను తలకిందులు చేసి చూపింది. అయినా జనానికి పైవాటి మీద మొగ్గు పోలేదు. నొక్కారు కాబట్టి కావలసింది దొరికిందనుకోలేం. దొరక్క మళ్లీ మార్చి కొట్టిన అక్షరాలు మాత్రం అబద్ధం చెప్పవు. ‘జ్ఞ’ను మనవాళ్లు ఎన్ని రకాలుగా రాస్తారో చెప్పగలిగింది అవే. వాటిని దాచాలి, చదవాలి. ఒక్క విడతలో కొట్టినవాటినే కలిపి చూడాలి. మర్నాటికి వాటిని కలిపే దారం తెంపెయ్యాలి.

నిన్న ఆ గ్రంథాలయానికి ఉత్తరం రాశాను. నేను కొట్టిన మూడు స్పెల్లింగులూ, వాటికి దొరకాల్సిన పుస్తకం పేరూ.